ఎడిన్‌బరో నగరంలో పన్నెండు రోజులు

ఉద్యోగరీత్యా మేము చూసిన ఊళ్ళు తక్కువేమీ కావు. భిలాయి, రూర్కెలా, బొకారో, దుర్గాపూర్ వంటి ఉక్కు పట్టణాలన్నిటికీ ఏదో ఒక పని మీద వెళ్ళినవారమే. అయితే అవన్నీ ఉదయం ఫర్నేసును చూసి, సాయంత్రం నివేదిక వ్రాసి, రాత్రి బండికి తిరుగుముఖం పట్టిన ప్రయాణాలు. ఒక ఊరిని ఊరుగా చూడడానికి, నాలుగు వీధులు తీరికగా నడవడానికి మాకు అవకాశం కలిగినది 2024 ఆగస్టులో. ఆ ఊరు స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో. మమ్మల్ని అక్కడికి రప్పించినది మా చిన్నమ్మాయి. ఆమె అక్కడి విశ్వవిద్యాలయంలో నర్సింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ ముగించుకొంటున్న రోజులవి. ఆ చదువుకు మేము ఒక్క రూపాయి కూడా కట్టలేదు.

తిరిగి వచ్చిన తరువాత మిత్రులు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. నర్సింగ్ చదవడానికి అంత దూరం వెళ్ళాలా అన్నది మొదటిది. డబ్బు ఎవరిచ్చారన్నది రెండవది. మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని మర్యాద కొద్దీ ఎవరూ మమ్మల్ని అడగలేదు కాని, ఆ పన్నెండు రోజులూ మేమిద్దరమూ లోలోపల అడుగుకొంటూనే ఉన్నాము. ఆ మూడింటికీ జవాబుగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా డబ్బు సంగతి. కామన్వెల్త్ స్కాలర్‌షిప్ అనే పథకానికి 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన కామన్వెల్త్ దేశాల విద్యా సమావేశంలో రూపకల్పన జరిగింది. బ్రిటన్ ఇచ్చే ఈ ఉపకార వేతనాలకు ఖర్చు భరించేది ఆ దేశ ప్రభుత్వమే. రానుపోను విమాన ఛార్జీలు, విశ్వవిద్యాలయపు ఫీజు, నెలనెలా జీవన భృతి, చలిదుస్తులకు కొంత పైకము అందులోనే వస్తాయి. మన దేశంలో అభ్యర్థుల పేర్లు కేంద్ర విద్యాశాఖ ద్వారా వెళతాయి. దరఖాస్తులో మార్కుల కంటే ముఖ్యమైన భాగం మరొకటి ఉన్నది. ఈ చదువుతో మీ దేశానికి తిరిగి వెళ్ళి ఏమి చేస్తారో వ్రాయమంటారు. చదువు ముగియగానే స్వదేశానికి వెళతామని ఒప్పుకొంటేనే స్కాలర్‌షిప్ ఇస్తారు. మా అమ్మాయి ఆ భాగాన్ని ఏడు సార్లు తిరగ వ్రాసింది. ఏమి వ్రాసిందో మాకు అప్పుడు చూపలేదు. మేమూ అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉన్నది, అది ఒప్పుకోవడం మంచిది. ఇంటర్మీడియట్ తరువాత ఆమె బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతానన్నప్పుడు వద్దన్నవారము మేమే. మెడిసిన్‌లో సీటు రాకపోతే ఇంకొక సంవత్సరం కూర్చోమన్నాము. బంధువులేమనుకొంటారోనని కూడా అన్నాము. నిజానికి నర్సు పని విలువ మాకు తెలియనిదేమీ కాదు. 1994లో మేము పనిచేస్తున్న చోట కరిగిన లోహం చిమ్మి, మాతోపాటు ఉద్యోగంలో చేరిన ఒక మిత్రుడు తీవ్రంగా కాలిపోయాడు. నలభై ఏడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కోలుకొన్నాక అతను మాతో అన్న మాట నేటికీ గుర్తే: “డాక్టరు గారు నాకు వైద్యం చేశారు. కాని రాత్రి రెండింటికి నేను బ్రతికే ఉన్నానా లేదా అని చూసింది మాత్రం సిస్టరే.” ఆ మాటకు ఆనాడు మా కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళ తరువాత ఆ సిస్టరు పనే మా బిడ్డ చేస్తానంటే మాకు నామోషీ అయినది. పరాయి బిడ్డలో మెచ్చుకొన్న గుణం మన బిడ్డలో కనబడితే భయపడతాము కాబోలు.

ఆమె మా మాట వినలేదు. డిగ్రీ ముగించి ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వార్డులో పనిచేస్తూ నెలల తరబడి ఇంటికి రాలేదు. టౌన్‌షిప్ గేటు దగ్గర నిలబడి, దూరం నుంచే చేయి ఊపి వెళ్ళిన రోజులున్నాయి. 2023 సెప్టెంబరులో స్కాలర్‌షిప్ మీద ఎడిన్‌బరో వెళ్ళింది. వెళ్ళిన ఏడాదికి, తన భృతిలో మిగిల్చిన డబ్బుకు మేము కొంత చేర్చగా, మమ్మల్ని రమ్మని పిలిచింది.

విశాఖపట్నం నుంచి ఢిల్లీ మీదుగా లండన్ చేరి, కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో రైలెక్కాము. ఎడిన్‌బరోకు సుమారు నాలుగున్నర గంటల ప్రయాణం. దారి చివరి భాగంలో రైలు ఉత్తర సముద్రాన్ని ఆనుకొని వెళుతుంది. బెర్విక్ అనే ఊరి దగ్గర ట్వీడ్ నది మీద 28 కమానుల రాతి వంతెన దాటుతాము. దానిని రాబర్ట్ స్టీఫెన్‌సన్ కట్టగా 1850లో ప్రారంభించారు. కిటికీలోంచి సముద్రం చూసి మా శ్రీమతి, “మన భీమిలి రోడ్డులా ఉన్నదే!” అన్నది. గాలి మాత్రం మన భీమిలి గాలి కాదు. వేవర్లీ స్టేషన్‌లో దిగీ దిగగానే ఆగస్టు నెలలో శాలువా తీయవలసి వచ్చింది.

ఎడిన్‌బరో రెండు ఊళ్ళు కలిసిన ఊరు. కొండ మీద కోట, కోట నుంచి క్రిందికి దిగే ఇరుకు సందులతో పాత ఊరు ఒక వైపు. పద్దెనిమిదవ శతాబ్దంలో గీత గీసినట్లు వేసిన వెడల్పు వీధులతో కొత్త ఊరు ఇంకొక వైపు. 1947 నుంచి ఏటా ఆగస్టులో అక్కడ కళా ఉత్సవాలు జరుగుతాయి. వీధి వీధికీ నాటకాలు, గారడీలు. ఆ నెలలో హోటలు గది దొరకడమూ కష్టమే, అద్దె భరించడమూ కష్టమే. మా అమ్మాయితో చదివే విద్యార్థిని ఒకరు ఊరికి వెళుతూ తన గది మాకు విడిచి వెళ్ళినది కనుక బయటపడ్డాము. మేము మోసుకెళ్ళిన కందిపొడి, గోంగూర పచ్చడి ఆ గది కిటికీలో పెట్టి, మూడు పూటలా అన్నమే తిన్నాము.

మూడవ రోజు అమ్మాయి తన విభాగం చూపింది. టీవియట్ ప్లేస్‌లో పాత వైద్య కళాశాల భవనంలో ఉన్నది అది. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరిట నర్సుల శిక్షణాలయం 1860లో వెలసింది. అక్కడ మొదలైనది ఆసుపత్రి వార్డులో పనిచేస్తూ నేర్చుకొనే పద్ధతి. నర్సింగ్‌కు విశ్వవిద్యాలయంలో ఒక విభాగమంటూ బ్రిటన్‌లో మొదట ఏర్పడినది ఎడిన్‌బరోలోనే, 1956లో. ఎల్సీ స్టీఫెన్‌సన్ అనే నర్సు దానికి తొలి అధిపతి. 1960లో డిగ్రీ కోర్సు మొదలుపెట్టారు. ఇది విని మేము అబ్బురపడుతుండగా అమ్మాయి నవ్వి, “నాన్నా, ఢిల్లీ నర్సింగ్ కళాశాలలోను, వెల్లూరులోను బి.ఎస్సీ. నర్సింగ్ 1946లోనే మొదలయింది తెలుసా?” అన్నది. మాకు తెలియదు. ఢిల్లీ కళాశాలకు ఇప్పుడున్నది మన తొలి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరు. ఆ విషయంలో మన దేశం ఈ దేశం కంటే పద్నాలుగేళ్ళు ముందున్నది. ముందు నడిచిన చదువును మనమే చిన్నచూపు చూశామన్న సంగతి మాకు ఆ మెట్ల మీద నిలబడి ఉండగా తట్టింది.

ఆ వైద్య విద్యకూ అక్కడ ఒక చరిత్ర ఉన్నది. 1869లో సోఫియా జెక్స్ బ్లేక్, మరి ఆరుగురు స్త్రీలు వైద్యం చదవడానికి ఈ విశ్వవిద్యాలయంలో చేరారు. 1870 నవంబరు 18న పరీక్షకు వెళుతున్న వారిని సర్జన్స్ హాల్ దగ్గర ఒక గుంపు అడ్డగించి బురద చల్లింది. చివరకు వారికి డిగ్రీలు ఇవ్వలేదు. ఆ ఏడుగురికీ మరణానంతరం డిగ్రీలు ఇచ్చినది 2019లో. ఆడపిల్ల ఏమి చదవాలో ఇతరులు నిర్ణయించే అలవాటు మన ఒక్క దేశానిదే కాదన్నమాట. ఈ మాట అమ్మాయి అనలేదు. మాకు మేమే అనుకొన్నాము.

అక్కడికి దగ్గరలోనే లారిస్టన్ ప్లేస్‌లో 1879 నాటి పాత రాయల్ ఇన్‌ఫర్మరీ భవనం ఉన్నది. ఆసుపత్రి 2003లో ఊరి వెలుపలికి తరలిపోయింది. పాత భవనాన్ని బాగుచేసి విశ్వవిద్యాలయం వారు 2024లో చదువులకు తెరిచారు. వార్డులు ఒకదానికొకటి అతుక్కోకుండా, విడివిడి రెక్కల వలె కట్టారు. పొడవైన గది, రెండు వైపులా ఎదురెదురుగా ఎత్తైన కిటికీలు. గాలి ఒక వైపు నుంచి వచ్చి రెండవ వైపుకు పోవాలన్నది నైటింగేల్ కాలపు సూత్రం. వెంటిలేషన్ లెక్కలతో సగం జీవితం గడిపిన మాకు ఆ కిటికీల కొలతలు చూస్తే ముచ్చట వేసింది. గది నడుమ నిలబడితే ఒక్క నర్సుకు అన్ని పడకలూ కనబడతాయి.

ఆ సాయంత్రమే అమ్మాయి తన సిద్ధాంత వ్యాసం ఏమిటో చెప్పింది. బ్రిటన్ ఆసుపత్రులలో రోగి పరిస్థితి విషమించడాన్ని ముందుగా పసిగట్టడానికి ఒక లెక్క ఉన్నది. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వారు దానిని 2012లో ప్రవేశపెట్టి, 2017లో సవరించారు. ఊపిరి వేగం, రక్తంలో ఆక్సిజన్, రక్తపోటు, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత అనే ఆరు కొలతలు తీస్తారు. ప్రతి కొలత మామూలు స్థితికి ఎంత దూరం జరిగితే అన్ని అంకెలు, సున్న నుంచి మూడు వరకు. బయటి నుంచి ఆక్సిజన్ పెడుతుంటే మరి రెండు కలుపుతారు. మొత్తం అయిదుకు చేరితే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి. ఏడు అయితే అది అత్యవసరం.

ఇది విన్నప్పుడు మాకు కంట్రోల్ రూము గుర్తుకు వచ్చింది. ఫర్నేసు ఉన్నట్టుండి చెడిపోదు. అలారం మ్రోగడానికి చాలా ముందే నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ, గ్యాసు ఒత్తిడి కొద్దిగా, ఇలా ఒక్కొక్క కొలతా పక్కకు జరుగుతూ ఉంటుంది. విడివిడిగా చూస్తే ఏదీ ప్రమాదం కాదు. కలిపి చూసేవాడు ఉంటే కర్మాగారం నిలుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా మేము చేసిన పని, మా అమ్మాయి చేస్తున్న పని ఒకటేనని ఆ రోజు తెలిసింది. ఆమె కొలిచేది మనిషిని, అంతే తేడా. “దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు నాన్నా. ఒక కాగితం, ఒక గడియారం, వ్రాసే ఓపిక ఉంటే చాలు. మా వార్డులో నలభై పడకలకు రాత్రిపూట ఇద్దరమే. ఎవరి దగ్గరకు ముందు వెళ్ళాలో ఈ అంకె చెబుతుంది” అన్నది.

ఎనిమిదవ రోజు మేము కోరిన యాత్ర. ఊరి నుంచి లోకల్ రైలులో పావుగంట వెళితే డాల్మెనీ స్టేషన్. అక్కడ దిగి మెట్లు దిగితే ఫోర్త్ సముద్రపాయ, దాని మీద ఫోర్త్ రైలు వంతెన. ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారికి అది పుణ్యక్షేత్రమే. 1879 డిసెంబరు 28న గాలివానలో టే వంతెన కూలి, దాని మీద వెళుతున్న రైలు నీటిలో పడిపోయింది. ఆ దెబ్బతో ఫోర్త్ మీద కట్టదలచిన పాత నమూనాను ప్రక్కన పెట్టి, జాన్ ఫౌలర్, బెంజమిన్ బేకర్ కొత్త నమూనా గీశారు. 1882లో మొదలై 1890 మార్చి 4న ప్రారంభమయింది. పొడవు రెండున్నర కిలోమీటర్లు. పెద్ద ఖాళీలు రెండూ ఒక్కొక్కటి 521 మీటర్లు. సుమారు 53,000 టన్నుల ఉక్కు, 65 లక్షల రివెట్లు. 2015లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. నేటికీ దాని మీద రైళ్ళు నడుస్తున్నాయి.

ఆ వంతెన సూత్రాన్ని సామాన్యులకు చెప్పడానికి బేకర్ ముగ్గురు మనుషులను కూర్చోబెట్టి తీయించిన ఫోటో ఒకటి ఇంజనీరింగ్ చదివిన వారందరూ చూసే ఉంటారు. ఇద్దరు చేతులు చాచి ఇరువైపులా కూర్చుంటారు, నడుమ బరువుగా మూడవవాడు వేలాడుతున్నట్లు కూర్చుంటాడు. ఆ నడుమ మనిషి కైచీ వతనాబే అనే జపాను ఇంజనీరు. గ్లాస్గోలో చదువుకొని, ఈ వంతెన పనిలో అనుభవం గడించి, జపానుకు తిరిగి వెళ్ళి అక్కడి రైల్వేలకు సేవ చేశాడు. అదే కాలంలో మన ప్రఫుల్ల చంద్ర రే ఎడిన్‌బరోలో రసాయన శాస్త్రం చదువుతున్నాడు. గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ మీద 1882లో వచ్చి, 1887లో డాక్టరేటు పొంది, 1888లో తిరిగి వెళ్ళాడు. ఆయన స్థాపించిన బెంగాల్ కెమికల్స్ తరువాత కాలంలో మన వంటి ప్రభుత్వరంగ సంస్థ అయినది.

వంతెన క్రింద తీరాన 2012లో పెట్టిన ఒక స్మారకం ఉన్నది. నిర్మాణంలో ప్రాణాలు కోల్పోయిన 73 మంది జ్ఞాపకార్థం పెట్టినది. చాలాకాలం మృతుల సంఖ్య 57 అనే చెప్పుకొన్నారు. స్థానిక చరిత్రకారులు పాత కాగితాలు వెదికి, మిగిలిన వారిని కూడా లెక్కకు తెచ్చారు. పనిచేసే చోట్ల క్రింద నీటిలో పడవలు నిలిపి ఉంచడం వలన ఎనిమిది మంది బ్రతికారట. మా అమ్మాయి ఆ స్మారకం ముందు చాలాసేపు నిలబడి, “ఆ పడవలలో కూర్చున్నవారికి రోజంతా పనేమీ ఉండి ఉండదు. పైకి చూస్తూ కూర్చోవడమే వారి పని. మాదీ అంతే” అన్నది.

మేము భయపడిన మూడవ ప్రశ్న పదవ రోజు రాత్రి బయటపడింది. ఆమె ఉండే భవనంలోనే కేరళ నుంచి వచ్చిన ఒక నర్సు ఉన్నది. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం. మాస్టర్స్ డిగ్రీ ఉన్నంత మాత్రాన అక్కడ నర్సుగా పనిచేయడానికి వీలులేదని, ఆ దేశపు నర్సింగ్ మండలి పరీక్షలు వ్రాసి పేరు నమోదు చేసుకోవాలని ఆమె వివరించింది. జీతం సంగతి కూడా వచ్చింది. రూపాయలలో చూస్తే నెలకు రెండున్నర లక్షలకు పైమాటే. ఆమె వెళ్ళిన తరువాత మా శ్రీమతి ఉండబట్టలేక, “ఇప్పుడు వచ్చేసినా మళ్ళీ ఆ పరీక్షలు వ్రాసి రావచ్చు కదమ్మా, ఎందుకు ఆలోచించవు?” అన్నది. మేము ఏమీ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే అప్పటికే మనసులో ఇంటి అప్పు లెక్క కట్టి ఉన్నాము.

అమ్మాయి కోప్పడలేదు. పెట్టెలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. ఏడు సార్లు తిరగ వ్రాసిన ఆ భాగమే అది. తన వార్డులో రాత్రిపూట జరిగిన మూడు మరణాల గురించి, అవి ముందు తెలిసి ఉంటే ఆపగలిగేవారేమోనన్న అనుమానం గురించి, ఆ లెక్క నేర్చుకొని వచ్చి ఒక్క వార్డులోనైనా అమలు చేస్తానన్న మాట గురించి అందులో ఉన్నది. “రేపు వెళితే వెళతానేమో అమ్మా, వెళ్ళినవారిని నేను తప్పు పట్టను. కాని ఈ కాగితం చూసి ఒక ప్రభుత్వం నాకు ఏడాది చదువు చెప్పించింది. ముందు ఇది తీర్చాలి కదా” అన్నది. మా శ్రీమతి కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడుకోలేదు.

సెప్టెంబరులో అమ్మాయి తిరిగి వచ్చి పాత వార్డులోనే చేరింది. వ్రాయడానికే తీరిక లేదు, మళ్ళీ ఇంకొక కాగితమా అని తోటివారు విసుక్కొన్నారట. చివరకు పది పడకలకు, రాత్రిపూట మాత్రం ఒప్పుకొన్నారు. రెండు నెలల తరువాత ఒక రాత్రి, ఆపరేషన్ అయిన ఒక వృద్ధ మత్స్యకారుని లెక్క మూడు నుంచి ఏడుకు పెరిగింది. పైకి చూస్తే నిద్రపోతున్నట్లే ఉన్నాడట. డ్యూటీ డాక్టరును లేపారు, ఐ.సి.యు.కు మార్చారు, పదకొండవ రోజున ఆయన ఇంటికి వెళ్ళాడు. కాగితం వలననే బ్రతికాడని మా అమ్మాయి అనదు. ఇప్పుడు నలభై పడకలకూ ఆ కాగితం ఉన్నది. రాత్రిపూట నర్సులు మాత్రం ఇద్దరే. అది ఇంకా మారలేదు. జీతమూ మారలేదు.

మన ఉద్యోగుల పిల్లలలో నర్సింగ్ చదువుతున్నవారు, చదవాలనుకొంటున్నవారు ఉంటారు. వారికి మా అనుభవం కొద్దీ రెండు మాటలు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌కు ఏడాది ముందు నుంచే సిద్ధం కావాలి. ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం ఉంటే, తిరిగి వచ్చి ఏమి చేస్తారో స్వయంగా చూసిన సంగతులతో వ్రాయగలుగుతారు. షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నది. దానికి కుటుంబ ఆదాయ పరిమితి వర్తిస్తుంది. ప్రకటన వెలువడినప్పుడు నిబంధనలు స్వయంగా చదువుకోవాలి. మధ్యవర్తులకు డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఇక తల్లిదండ్రులకు ఒక్క మాట. బిడ్డ నర్సింగ్ చదువుతానంటే, మేము అన్న మాటలు మీరు అనకండి. టౌన్‌షిప్‌లో మా ఎదురింటి వారి అమ్మాయి ఈ సంవత్సరం బి.ఎస్సీ. నర్సింగ్‌లో చేరింది. ఆ తండ్రి సలహా కోసం మా ఇంటికి వచ్చినప్పుడు మేము చెప్పినది తక్కువే. అమ్మాయి వ్రాసిన ఆ కాగితం నకలు మా బీరువాలో ఉన్నది. అది తీసి చదవమని ఇచ్చాము.